దుర్గక్కకు కాపలా

దుర్గక్క పైచదువు చదవాలనుకోవడంలో తప్పేమీ లేదు. నేను పప్పులోకి పోపు పెడుతుండగా వచ్చి ఆ ముక్క చెప్పడమే తప్పు.

"ఏవే కుమారీ, నర్సింగు కాలేజీలో సాయంత్రం క్లాసులు పెడుతున్నారంట. రెండేళ్ళు చదివితే డిగ్రీ ఇస్తారంట. నేను చేరదావనుకుంటున్నా," అంది.

నేను గరిటె పట్టుకుని వెనక్కి తిరిగాను. "నీకేవైనా మతి పోయిందా అక్కా?" అని అరిచాను. అరిచే హడావుడిలో పొయ్యి సంగతి మర్చిపోయాను. ఎండుమిరపకాయలు మాడి బొగ్గులయ్యాయి. బహ్రెయిన్‌లో, జింజ్ పేటలో మేముండే బిల్డింగు బిల్డింగంతా దగ్గింది. కింద లాండ్రీ నడిపే పాకిస్తానీ చాచా మెట్ల దగ్గరకొచ్చి "క్యా హువా బేటీ?" అని కేకేశాడు. మా అక్కకు చదువు పిచ్చి పట్టిందని చెబుదామనుకున్నాను గానీ, కోపంలో నాకు హిందీ రాదు.

ఎవరైనా చదువుకుంటానంటే సంతోషించాలి, నిజమే. కానీ అప్పటికి దుర్గక్క నర్సు లైసెన్సు మీద నిఘా ఉంది. ఏడాదిలోపు ఇంకొక్క పొరపాటు జరిగితే లైసెన్సు రద్దవుతుంది, పెట్టె సర్దుకుని విమానం ఎక్కాలి. అలాంటి మనిషి తలొంచుకుని ఆ ఏడాదీ గడిపెయ్యాలా, లేక కాలేజీకి వెళ్ళి నన్ను చేర్చుకోండని నిలబడాలా? పైగా ఆవిడ మీద నిఘా ఉంచాల్సిన మనిషిని నేనే.

అది ఎలా జరిగిందో చెప్పాలి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మేమిద్దరం కాకినాడలోనే నర్సింగు చదివాం. లక్ష్మీదుర్గది రాజోలు వైపు, నాది సామర్లకోట. ఆవిడ నాకన్నా సీనియరు. ముందు తను బహ్రెయిన్ వచ్చి, తర్వాత నన్ను రప్పించింది. తొంభైల మొదట్లో మనామాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మగవాళ్ళ సర్జరీ వార్డులో ఇద్దరికీ డ్యూటీ. ఇండియా నర్సంటే అందరూ మలయాళీ అనే అనుకునేవారు. కేరళ పేషెంట్లు మాతో నేరుగా మలయాళం మొదలెట్టేవారు. దుర్గక్క అన్నిటికీ తలూపుతూ "ఆయ్, అలాగేనండి, ఇదిగోనండి" అని కోనసీమ తెలుగులో జవాబిచ్చేది. విచిత్రం ఏమిటంటే, వాళ్ళకేం కావాలో అది అందేది.

ఇలా ఉండగా నర్సింలు వచ్చాడు. జగిత్యాల దగ్గర ఏదో ఊరు, హిద్ అనే ఊళ్ళో కట్టుబడి పని, కూలీల క్యాంపులో కాపురం. బరువులు మోసి మోసి హెర్నియా తెచ్చుకున్నాడు. ఆపరేషనుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి కదా, మంచానికి నోటికేమీ ఇవ్వరాదనే బోర్డు కూడా కట్టాం. పొద్దున్నే ట్రాలీ వచ్చింది. నర్సింలు ఎక్కి పడుకున్నాడు. ట్రాలీ కదలబోయే సమయానికి దాన్ని తోసే రఫీక్ తుమ్మాడు. ఒక్కటంటే ఒక్క తుమ్ము.

రెండుసార్లు తుమ్మి ఉంటే ఈ కథే లేదు. ఒంటి తుమ్ము బయల్దేరేవాడికి ఎంత చేటో మన దేశంలో ఎవరికి తెలియదు? నర్సింలు ట్రాలీ మీద లేచి కూర్చున్నాడు.

"అక్కా, నేను పోను. ఒక్క తుమ్ము తుమ్మిండు. కోసుడేందో రేపు కోసుకొమ్మను," అన్నాడట.

నేనప్పుడు ఏదో పని మీద పక్క వార్డుకు వెళ్ళి ఉన్నాను, కాబట్టి ఇదంతా తర్వాత దుర్గక్క చెప్పిందే. ఆవిడ ముందు రఫీక్‌ని బతిమాలింది, ఇంకొక్కసారి తుమ్మవయ్యా అని. అతను బంగ్లాదేశ్ వాడు, మంచివాడు. సంగతేమిటో బోధపడకపోయినా కిటికీ దగ్గరకు వెళ్ళి, సూర్యుడి వైపు ముఖం పెట్టి, మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. రాలేదు. అవతల థియేటర్ నుంచి ఫోను మీద ఫోను. నర్సింలు మాత్రం పడుకోనంటాడు. "మా అవ్వయితె గిట్లయినప్పుడు జరసేపు కూసోవెట్టి, ఇన్ని నీళ్లు తాపి తోలేది అక్కా," అన్నాడు.

వాళ్ళ అవ్వే కాదు, మా అమ్మా అంతే, దుర్గక్క వాళ్ళమ్మా అంతే. ఎవరైనా బయల్దేరుతుంటే తుమ్ము వినపడగానే, కూర్చోబెట్టి మంచినీళ్ళు చేతికివ్వడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. దుర్గక్క చెయ్యి ఆ అలవాటు ప్రకారం పోయింది. పక్క బల్ల మీది కూజాలోంచి సగం గ్లాసు వంచి ఇచ్చింది. అతను గటగటా తాగి, "ఇగ నడువుండ్రి" అని హాయిగా వెల్లకిలా పడుకున్నాడు.

థియేటర్ తలుపు దగ్గరకు వెళ్ళేదాకా తను చేసిందేమిటో ఆవిడకు తట్టలేదు.  నీళ్ళున్న కడుపుతో మత్తు ఇస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి పోవచ్చు. అది మేం మొదటి ఏడాదిలో చదివిన పాఠం. ఆవిడ నీళ్ళివ్వడం ఎవరూ చూడలేదు, రఫీక్ ఇంకా సూర్యుడి వైపే చూస్తున్నాడు. అయినా మత్తు డాక్టరు దగ్గరకు నేరుగా వెళ్ళి, "సార్, నేను ఇతనికి నీళ్ళిచ్చాను" అని చెప్పేసింది. ఆపరేషను ఆగింది.

చెప్పినందుకు నాకు కోపం లేదు, చెప్పి తీరాలి. కానీ లైసెన్సు ఆఫీసు వాళ్ళు విచారణకు పిలిచి ఎందుకిచ్చావని అడిగితే, దాహమేసిందన్నాడు, జాలేసింది అనొచ్చు కదా. "ఒకతను తుమ్మాడండి" అందట. ఆఫీసరు కలం ఆపి, పేషెంటుకు ఎలర్జీ ఉందా అని అడిగాడట. పేషెంటు కాదండి, ట్రాలీ తోసే అతను అందట. అక్కడి నుంచి ఆ సంభాషణ ఎటు పోయిందో నేను ఊహించుకోగలను.

ఏడాది నిఘా వేశారు. మందుల బీరువా తాళం ముట్టుకోకూడదు. మాత్రైనా, సూదైనా, సెలైనైనా పక్కన ఇంకో నర్సు నిలబడి చూస్తుంటేనే ఇవ్వాలి. రాత్రి డ్యూటీ లేదు. ఆ రెండో నర్సు నెలనెలా ఆఫీసుకు రిపోర్టు పంపాలి. మా వార్డు పెద్ద సిస్టర్ ఫౌజియా బహ్రెయినీ మనిషి, నిక్కచ్చిగా ఉంటుంది గానీ మనసు మంచిది. "మీ ఇద్దరిదీ ఒకే భాష. ఆమెను నువ్వే చూసుకో," అని నా నెత్తిన పెట్టింది.

సూది ఎలా పట్టుకోవాలో నాకు నేర్పిన మనిషికి నేను కాపలా! మొదటి రోజు నాకు సిగ్గేసింది. ఆవిడకు మాత్రం నవ్వులాటగా ఉండేది. "సూపర్‌వైజరు గారూ, తవరు దయచేస్తే ఈ ముసలాయనకి బీపీ మాత్ర వేస్తానండి" అని వార్డంతా వినపడేలా పిలిచేది. నేను పళ్ళు నూరుతూ వెళ్ళి నిలబడేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం ఆవిడ మళ్ళీ సీనియరు. గిన్నెలు సరిగ్గా తోమలేదని, తల తడిగా ఉండగా పడుకున్నానని నాకే చీవాట్లు.

ఈ పరిస్థితిలో పెట్టింది కాలేజీ దరఖాస్తు. ఏడాది ఆగి చేరొచ్చు కదా అన్నాను. మాడిన పోపు గిన్నె తోముతూ నింపాదిగా చెప్పింది. "ఇదే మొదటి బ్యాచ్చంట కుమారీ. మళ్ళీ పెడతారో లేదో వాళ్ళకే తెలీదంట. పెట్టినా నాకు వయసు దాటిపోద్ది."

"ఇప్పుడు నీకు డిగ్రీ దేనికి?"

"నర్సింగు స్కూల్లో పాఠం చెప్పాలని ఉందే. అక్కడ చదివేటప్పుడు మనకి ఏది చెయ్యకూడదో చెప్పారు గానీ, చేసేస్తే ఏం చెయ్యాలో చెప్పారా? ఆవేళ థియేటరు తలుపు దగ్గర ఎంత ఒంటరిగా ఉన్నానో నీకు తెలీదు. పరుగెత్తి పారిపోదావనిపించింది. ఆ సంగతి చెప్పేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి."

ఆవిడ చెప్పింది నిజమని నాకు తెలుసు. అందుకని ఇంకా గట్టిగా తిట్టాను.

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. నిఘాలో ఉన్నవాళ్ళు తమ సూపర్‌వైజరును వెంటబెట్టుకుని రావాలన్నారు. ఇద్దరం ఇస్త్రీ చీరలు కట్టుకుని వెళ్ళాం. లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ప్రిన్సిపాల్ మేడం, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని చూసినట్టు మమ్మల్ని చూసింది. ప్రశ్నలడిగారు. దుర్గక్క ఒక్కటీ వదలకుండా చెప్పింది. మళ్ళీ ఎవరైనా తుమ్మితే ఏం చేస్తావని కూడా అడిగారు.

"మొహం, కాళ్ళు కడిగించి, కాసేపు కూర్చోబెట్టి పంపుతానండి. మా వాళ్ళకి అదీ సరిపోద్దండి. ఆగిన ఆపరేషనుకి నర్సింలుని రెండోసారి అలాగే పంపేను, ఫౌజియా సిస్టర్ని అడిగే చేశానండి," అంది. మేడం నవ్వింది. నాకు ఆశ పుట్టింది. అప్పుడే ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు తీశారంటే మంచి మాట రాదని నాకు అనుభవం.

"సిస్టర్ లక్ష్మీదుర్గా, నిన్ను చేర్చుకోవాలనే ఉంది. కానీ ఈ కోర్సులో సగం పని వేరే వేరే ఆస్పత్రుల్లో. నీ పక్కన ఎప్పుడూ ఒక నర్సు నిలబడాలని లైసెన్సు ఆఫీసు షరతు. అలా నిలబెట్టడానికి నా దగ్గర మనిషి లేదు. నిఘా ఉన్నంత కాలం నీకు సీటు ఇవ్వలేను," అంది.

దుర్గక్క "అలాగేనండి" అంది.  నాకు మేడం మీద కోపం వచ్చింది, ఆఫీసు మీద కోపం వచ్చింది, బహ్రెయిన్‌లో ఉన్న తుమ్ములన్నిటి మీదా కోపం వచ్చింది.

అప్పుడు తలుపు తోసుకుని నర్సింలు వచ్చాడు. వెనకాల చప్రాసీ "మమ్నూ, మమ్నూ" అని చొక్కా పట్టుకుని లాగుతున్నాడు, లోపలికి రాకూడదని. నర్సింలు ఒంటి మీద సిమెంటు మరకల ఖాకీ బట్టలు. కుట్లు చూపించుకోవాలని ఫోర్‌మన్‌కు చెప్పి, రెండు బస్సులు మారి వచ్చాడట. ఇంటర్వ్యూ సంగతి ఎవరు చెప్పారని తర్వాత అడిగితే, "రఫీక్ భాయ్ జెప్పిండు" అన్నాడు. వాళ్ళిద్దరూ ఆ తుమ్ము పుణ్యమా అని మంచి స్నేహితులయ్యారు.

అతను మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడి, గల్ఫులో అందరూ అందరితో మాట్లాడే భాషలో చెప్పాడు. "మేడం, సిస్టర్ మాఫీ పానీ. మై పానీ, మై పియా. సిస్టర్ మాఫీ గల్తీ. ఖలాస్." నీళ్ళు సిస్టర్ ఇవ్వలేదు, నేనే తీసుకుని తాగాను, ఆమె తప్పేం లేదు, అంతే సంగతి. ఆ పైన మా వైపు తిరిగి తెలుగులో అందుకున్నాడు. "అక్క నన్ను కాపాడనీకె తన మీదేస్కున్నది. కంపినోల్లు నన్ను ఎల్లగొడ్తరని బయపడ్డది. గీ ముచ్చట జర ఆ మేడమ్‌కు సమజ్ జేయుండ్రి."

నేను వెంటనే ఇంగ్లీషులో అంతా చెప్పేశాను. ఒక్క ముక్క వదల్లేదు. అతను చెప్పినదాన్ని తర్జుమా చెయ్యడం నా ధర్మం కదా.

మేడం ముందుకు వంగింది. "ఇది నిజమైతే ఈ నిఘానే తప్పు. పేషెంటే వచ్చి చెబుతున్నాడు కాబట్టి లైసెన్సు ఆఫీసుతో నేను మాట్లాడతాను. నిఘా తీసేస్తే సీటు నీదే. చెప్పు సిస్టర్, ఇతను చెప్పింది నిజమేనా?"

తల ఊపితే చాలు. నోరు కూడా తెరవక్కర్లేదు. ఊపవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి ఊపు, అని నేను మనసులో మొక్కుతున్నాను. బహ్రెయిన్‌లో ఏ భాషలోనైనా అడగండి, దుర్గక్క తలూపుతుంది. మలయాళానికి ఊపుతుంది, అరబ్బీకి ఊపుతుంది. ఇన్నేళ్ళలో ఊపనిది ఆ ఒక్కసారే.

ఆవిడ నర్సింలు వైపు చూసి నవ్వింది. "నీకు అబద్ధం చెప్పడం రాదు నర్సింలూ. చెవులు చూడు, ఎలా ఎర్రబడ్డాయో," అంది. తర్వాత మేడంతో, "లేదండి. నీళ్ళు నేనే ఇచ్చానండి. ఈ చేత్తోనే," అంది.

నర్సింలు తల పట్టుకున్నాడు. "గిట్లయితె నువ్వెట్ల బతుకుతవక్కా!" అన్నాడు. నా మనసులో మాటా అదే.

"సీటు పోతుందని తెలిసే చెబుతున్నావా?" అని మేడం అడిగింది.

"తెలుసండి. కానీ నర్సు తప్పు చెయ్యదని కాదు కదండీ పేషెంటు మనల్ని నమ్మేది. చేస్తే వెంటనే చెప్తుందని నమ్ముతాడండి. ఆ మాట పిల్లలకి నేర్పడానికే చదువుకుంటానంటున్నాను. సీటు కోసం ఇప్పుడు కాదనేస్తే, రేపు వాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పనండి?"

 చప్రాసీ నర్సింలు చొక్కా వదిలేశాడు. మేడం దరఖాస్తు దగ్గరకు లాక్కుని, "నాకు నువ్వే కావాలి," అంది మెల్లగా. "కానీ నీ పక్కన ఎవర్ని నిలబెట్టను?"

అప్పుడు నేను లేచాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. కోపం వస్తే నేను కూర్చుని ఉండలేను, అంతే. "నేను నిలబడతాను!" అన్నాను. ఇంటర్వ్యూ గదిలో అలా అరవకూడదని తెలుసు. "ఆస్పత్రిలో నిలబడుతున్నదాన్ని, కాలేజీలో నిలబడలేనా? నన్నూ చేర్చుకోండి. ఆవిడ ఎక్కడికి పోతే అక్కడికి నేనూ వస్తాను."

దుర్గక్క నోరు తెరుచుకుని నా వైపు చూసింది. డిప్లమా పరీక్షల ఆఖరి రోజున పుస్తకాలన్నీ జూనియర్లకు పంచిపెట్టి, ఇక బతికుండగా చదవనని శపథం చేసిన మనిషిని నేను. ఆ శపథానికి సాక్షి ఆవిడే.

మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నువ్వు దరఖాస్తు చేశావా?"

"లేదండి."

"సీట్లు ఇంకా ఉన్నాయి. గడువు ఇవాళ్టితో ఆఖరు. వచ్చే వారం రాత పరీక్ష. నువ్వు పాసైతే ఇద్దరికీ సీట్లు. ఫెయిలైతే ఇద్దరికీ లేవు. సమ్మతమేనా?"

"సమ్మతమే," అన్నాను. బయటికొచ్చి వరండాలో మెట్ల మీద కూలబడ్డాను. నర్సింలు కూలర్ దగ్గరకు పరుగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. ఈసారి తాగడానికి అభ్యంతరం చెప్పేవాళ్ళెవరూ లేరు.

ఆ వారం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. ఆస్పత్రిలో నేను ఆవిడకు కాపలా, ఇంట్లో ఆవిడ నాకు కాపలా. అన్నం కలుపుకుంటుంటే గుండె గదుల పేర్లు అడిగేది. స్నానానికి వెళ్తే తలుపవతల నిలబడి షాకు లక్షణాలు చెప్పమనేది. తప్పు చెబితే తువ్వాలు ఇచ్చేది కాదు. ఫౌజియా సిస్టర్ సంగతి విని, టీ తాగే వేళకు నన్ను తన గదికి పిలిపించి మూత్రపిండాలు చెప్పింది. రఫీక్ ట్రాలీ తోసుకుంటూ ఎదురైనప్పుడల్లా "పఢో దీదీ, పఢో" అని చదువుకోమనేవాడు. నర్సింలు నా పేరున కొబ్బరికాయ మొక్కాడట. మొక్కు ఏ దేవుడికని అడిగితే, "అందరికి ఒక్కటే కాయ అక్కా, ఈడ దొరుకుత లెవ్వు," అన్నాడు.

పాసయ్యాను. ఎంత అంచున పాసయ్యానో అడక్కండి. మేడం ఫలితం చెబుతూ మళ్ళీ కళ్ళజోడు తీయబోయి, ఆగి, "క్లాసులు శనివారం నుంచి," అంది. దుర్గక్క కాలేజీ వరండాలోనే నన్ను కావిలించుకుని ఏడ్చింది. చీర నలిగిపోతుంది వదలమని నేను కసురుకున్నాను. నేనూ ఏడుస్తున్నానని ఎవరికీ తెలియకూడదని అలా కసురుకున్నాను.

మొదటి రోజు క్లాసులో అందరినీ ఎందుకు చేరారని అడిగారు. ఒకరు పరిశోధన అన్నారు, ఒకరు సేవ అన్నారు. నా వంతు వచ్చినప్పుడు నేను నిజం చెప్పాను. "నేను ఈవిడ వెనకాల వచ్చానండి. ఈవిడను చూసుకోవడం నా డ్యూటీ." క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రెండేళ్ళూ నా పేరు సాయికుమారి అని ఎవరూ పిలవలేదు. అందరికీ నేను 'డ్యూటీ సిస్టర్'నే.

ఆ డ్యూటీ ఆస్పత్రి డ్యూటీ కన్నా కష్టంగానే ఉండేది. వార్డు నుంచి నేరుగా కాలేజీ బస్సు ఎక్కేవాళ్ళం. దారిలో సనాబిస్ ఊరు దాటేసరికి నేను కిటికీకి తల ఆనించి నిద్రపోయేదాన్ని. క్లాసులో దుర్గక్క రాసుకునేది, నేను ఆవిడను చూస్తూ కూర్చునేదాన్ని. చూడటమే కదా నా పని. మరి ఎప్పటి నుంచి నేనూ రాసుకోవడం మొదలెట్టానో నాకు గుర్తులేదు.

గుర్తున్నది ఒకటే. ఎండాకాలం రాబోతుండగా, జనానికి ఆరోగ్యం గురించి పాఠం చెప్పి రమ్మని మమ్మల్ని హిద్ క్యాంపుకు పంపారు. వడదెబ్బ మీద పాఠం. దుర్గక్క మెత్తగా మొదలెట్టింది. వెనక వరసలో వాళ్ళు పేకాట ఆపలేదు. నాకు ఒళ్ళు మండింది. బెంచీ ఎక్కి, "ఇక్కడ మేం గొంతు చించుకుంటుంటే మీకు పేకాటా? రేపు మధ్యాహ్నం పరంజా మీద కళ్ళు తిరిగి పడితే, పైనుంచి ఈ పేకముక్కలు పట్టుకుంటాయా మిమ్మల్ని?" అని అందుకున్నాను. తెలుగులో, వచ్చినంత హిందీలో, రానిచోట చేతులతో. నీళ్ళెప్పుడు తాగాలో, ఉప్పెంత కలపాలో, పక్కవాడు తూలితే ఏం చెయ్యాలో, మొత్తం చెప్పాను. పేకాట ఆగింది. నర్సింలు ముందు వరసలో కూర్చుని, నేను వాళ్ళింటి ఆడపిల్లనన్నట్టు అందరి వైపూ గర్వంగా చూస్తున్నాడు. పాఠం అయ్యాక ఒక ముసలి మేస్త్రి దగ్గరకొచ్చి, "బిడ్డా, మల్లెప్పుడస్తవు?" అని అడిగాడు. అంతవరకు నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. తిరుగు బస్సులో నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత కొన్నాళ్ళకు దుర్గక్క నిఘా గడువు తీరింది. ఒక్క పొరపాటూ లేదు. ఫౌజియా సిస్టర్ మందుల బీరువా తాళం తెచ్చి, వార్డులో అందరి ముందూ దుర్గక్క అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది. రఫీక్ చప్పట్లు కొట్టాడు. లేవలేని పేషెంట్లు కూడా మంచాల మీంచి కొట్టారు. నేనైతే ఈలే వేశాను. చిన్నప్పుడు మా అన్నయ్య నేర్పిన విద్య అది.

ఆ సాయంత్రం కాలేజీ బస్సులో కిటికీ సీటు దుర్గక్క తీసుకుంది. సనాబిస్ వచ్చేసరికి చూస్తే కళ్ళ నిండా నీళ్ళు.

"ఇప్పుడేమొచ్చిందే నీకు? తాళం వచ్చింది, లైసెన్సు నిలబడింది, ఇంకెందుకు ఏడుపు?" అన్నాను.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా మూలాన నీకు ఇష్టం లేని చదువు అంటగట్టేనే కుమారీ. ఇన్నాళ్ళూ నోరెత్తకుండా నాతోపాటు తిరిగేవు. ఇంక నువ్వు కాపలా ఉండక్కర్లేదు. రేపట్నించి హాయిగా ఇంట్లో ఉండొచ్చు. మేడంతో నేను చెప్తాలే."

నాకు చెడ్డ కోపం వచ్చింది. పోపు మాడిన రోజున కూడా అంత రాలేదు.

"నువ్వెవరివే చెప్పడానికి?" అన్నాను. బస్సులో అందరూ ఇటు తిరిగారు. "వచ్చే నెల ఆ క్యాంపులో పాఠం ఎవరు చెబుతారు, నువ్వా? నీ మాట ఎవడైనా వింటాడా? మంగళవారం నాకు పరీక్ష ఉంది, తెలుసా నీకు?"

ఆవిడ నా వైపు చూసింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాకినాడ హాస్టల్లో నవ్వినట్టు, కళ్ళ నీళ్ళతోనే, బస్సంతా వినపడేలా నవ్వింది.

"అయితే షాకు లక్షణాలు చెప్పు," అంది.

చెప్పాను. ఒక్కటీ తప్పు పోలేదు.